ఎలుకల మందాయన తెచ్చిన పూలు

ఊళ్ళో అందరూ ఆయన్ని ఎలుకల మందాయన అంటారు. ఇళ్ళల్లో, గోదాముల్లో ఎలుకలకు మందు పెట్టడమే ఆయన పని. సొంత ఇంట్లో మాత్రం చీమల మందు కూడా ఉంచడు. పని బట్టలు గుమ్మం బయటే విప్పి, మోచేతుల దాకా కడుక్కున్నాకే భార్య పెంచుకునే పిల్లిని ముట్టుకుంటాడు.

పెళ్ళిరోజున ఏం బుద్ధి పుట్టిందో, బాకాల్లా విచ్చుకునే పెద్ద తెల్ల లిల్లీలు తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. ఆవిడ మురిసిపోయి వాటిని గాజు కూజాలో అమర్చింది. సాయంత్రానికి పిల్లి వాంతులు చేసుకుని మంచం కింద ముడుచుకుంది. దాన్ని ఎత్తుకుని ఇద్దరూ పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు.

"ఇంట్లో విషాలేమైనా ఉన్నాయా?" అని అడిగిందామె.

"మా గడప లోపల అలాంటివి ఉండవమ్మా!" అన్నాడాయన, కాస్త గర్వంగానే.

"మరి దీని మీసాలకి ఈ పుప్పొడేంటి?"

"లిల్లీలదండీ. నేనే తెచ్చా."

"పిల్లులకి అవి విషమే. ఆ పుప్పొడి కాస్త నాకినా కిడ్నీలు పాడైపోతాయి."

వెంటనే తీసుకురావడంతో, కొన్నాళ్ళు సెలైన్ ఎక్కించాక పిల్లికి గండం గడిచింది. "ఇన్నేళ్ళకి పూలు తెచ్చారని సంబరపడ్డాను చూడండి, నన్ననాలి!" అని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన ఇప్పుడు పిల్లి ఉన్న ఏ ఇంటికెళ్ళినా, మందు సంచీ విప్పకముందే కూజాలో ఏ పూలున్నాయో చూసొస్తాడు. ఈ వయసులో ఆయనకి పూల పిచ్చి పట్టిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారు.