బ్లూగ్రాస్ గుంపులో మా ఆయన వంతు

ఆ వేసవిలో ఓ శుక్రవారం మధ్యాహ్నం మా ఊరు నోవై నుంచి బయల్దేరేటప్పటికే మా ఆయనకీ నాకూ మాటల్లేక మూడు రోజులైంది. నా స్నేహితురాలి ఇంట్లో గృహప్రవేశం ఉన్న వారాంతానికే, నన్నొక్క మాట అడక్కుండా, ఆయన బ్లూగ్రాస్ ఫెస్టివల్‌లో టెంట్‌కి చోటు బుక్ చేశాడు. ఇదేమిటని నిలదీస్తే, "నీకు చెప్పాననుకున్నాను" అన్నాడు. పదిహేడేళ్ల కాపురంలో ఆ జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

బ్లూగ్రాస్ అంటే ఈ దేశపు కొండ ప్రాంతాల్లో పుట్టిన పల్లె సంగీతం. గిటార్, ఫిడిల్, మాండొలిన్, బాంజో, అన్నీ తీగ వాయిద్యాలే, డ్రమ్స్ ఉండవు. కోవిడ్ రోజుల్లో ఇంట్లోంచి ఆఫీసు పని చేస్తూ ఆయన ఒక బాంజో తెప్పించుకున్నాడు. అప్పటినుంచీ రోజూ సాయంత్రం బేస్‌మెంట్‌లో తలుపు వేసుకుని కూర్చునేవాడు. ఒకే పాట ముక్క. వందసార్లు. తప్పితే మళ్లీ మొదటినుంచి. పైన వంటింట్లో నిలబడి వింటుంటే నాకు ఒళ్లు మండేది. శబ్దం వల్ల కాదు. ఆ మనిషిలో అంత ఓపిక ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను రెండు మాటలు చెప్పేలోపే ఫోన్ తీసే మనిషి ఆయన.

దారిపొడుగునా వెనక సీట్లో మా పధ్నాలుగేళ్ల అమ్మాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంది. ఫెస్టివల్ ఒక పెద్ద పొలంలో. ఒక పక్క స్టేజి, మిగతా అంతా టెంట్లూ ట్రెయిలర్లూ. మాకిచ్చిన చోటు ఒక పెద్ద ట్రెయిలర్‌ని ఆనుకుని ఉంది. దాని ముందు పందిరిలాంటి గుడారం, గుండ్రంగా వేసిన మడత కుర్చీలు. అరవై దాటిన తెల్లజాతి దంపతులు ఉన్నారు అందులో. మేం టెంట్ విప్పుతుంటే ఆవిడ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఆ చోటు ఇరవై ఏళ్లుగా మా స్నేహితులది," అంది చివరికి.

మా ఆయన నవ్వుతూ బుకింగ్ కాగితం చూపించాడు. ఆవిడ అది చదవను కూడా చదవలేదు.

సాయంత్రం నేను చిన్న స్టవ్ వెలిగించి ఉప్మాకి పోపు వేశాను. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిర్చి ఘాటు గాలికి వాళ్ల ట్రెయిలర్ వైపు తిరిగింది. ఆవిడ దగ్గుతూ మా దగ్గరకి వచ్చింది.

"ఆ వాసన మా ట్రెయిలర్ అంతా నిండిపోతోంది. ఇంకా ఎంతసేపు ఇది?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. "వెరీ సారీ మేడమ్. ఆపేస్తుంది."

ఆపేస్తుంది! నేనక్కడే గరిటె పట్టుకుని నిలబడి ఉండగా, నన్నడగకుండా, నా తరఫున. నేను స్టవ్ కట్టేసి, ఆ పోపు గడ్డిలో పారబోశాను. ఆవిడ వెళ్లగానే ఆయన గొంతు తగ్గించి, "ఎందుకు సీన్ చేస్తావ్? రెండు రోజులు వాళ్ల పక్కనే ఉండాలి మనం" అన్నాడు.

"నాతో ఎన్నాళ్లుండాలో గుర్తుందా?"

"ప్లీజ్. పాప వింటోంది."

"విననీ."

ఆ పూట ముగ్గురం బ్రెడ్డు ముక్కలు తిన్నాం. అమ్మాయి తన ప్లేటు తీసుకుని కార్లోకి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం పక్క ట్రెయిలర్ పందిరి కింద జనం చేరారు. స్టేజి మీద వాయించేవాళ్లు కాదు, మాలాగా వచ్చినవాళ్లే. తమ వాయిద్యాలు తెచ్చుకుని గుండ్రంగా కూర్చుని వాయిస్తారు. దాన్ని జామ్ అంటారు. మా ఆయన బాంజో తీసుకుని ఆ గుంపులో చివరి కుర్చీలో కూర్చున్నాడు. నిన్న నా స్టవ్ ఆపించినావిడ ట్రెయిలర్ ముందు! నేనూ అమ్మాయీ మా టెంట్ ముందు కుర్చీలు వేసుకుని చూస్తున్నాం.

కాసేపటికి నాకు పద్ధతి అర్థమైంది. అందరూ కలిసి పాట ఎత్తుకుంటారు. తర్వాత ఒక్కొక్కరికీ ఒంటరిగా వాయించే వంతు వస్తుంది. నడిపించేది ఆవిడ భర్తే, తెల్ల గడ్డం పెద్దాయన. ఆయన ఎవరికి కళ్లతో సైగ చేస్తే వాళ్లు అందుకుంటారు. ఫిడిల్ అయింది, మాండొలిన్ అయింది, గిటార్ అయింది. పెద్దాయన చూపు మా ఆయన మీదుగా జారి అవతలి మనిషి మీద ఆగింది. రెండో పాటకీ అంతే.

"అమ్మా, వాళ్లు నాన్నని స్కిప్ చేశారు," అంది అమ్మాయి. మూడో పాటకి, "అగైన్" అంది.

నేను లేచాను. ఎందుకు లేచానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చి మాత్రం కాదు. నిన్నటి దగ్గు, చదవని కాగితం, గడ్డిలో పోసిన పోపు, అన్నీ గుర్తున్నాయి. నేరుగా ఆ గుంపు మధ్యకి నడిచి, పెద్దాయనతో ఇంగ్లీషులో గట్టిగా అన్నాను.

"ఇక్కడ అందరికీ వంతు ఇస్తున్నారు. నా భర్తకి ఎందుకివ్వరు? ఆయన మీకు కనబడటం లేదా?"

తీగలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. పెద్దాయన నా వైపు చూశాడు, తర్వాత మా ఆయన వైపు చూశాడు. ఏదో చెప్పబోయి మానుకుని, "తప్పకుండా అమ్మా. ఇప్పుడు అతని వంతే," అన్నాడు.

పాట మళ్లీ మొదలైంది. మా ఆయన అందుకున్నాడు. నాలుగు స్వరాలు బాగానే పలికాయి. ఆ తర్వాత వేళ్లు తడబడ్డాయి, పాట ముందుకు వెళ్లిపోయింది, ఆయన వెనకే ఉండిపోయాడు. పట్టుకోబోయి ఇంకా తప్పాడు. చివరికి ఫిడిల్ వాయిస్తున్న ఒకావిడ మెల్లగా అందుకుని పాటని ఒడ్డుకి చేర్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంత మర్యాదైన చప్పట్లు నేనెప్పుడూ వినలేదు.

ఆయన బాంజో పెట్టెలో పెట్టుకుని నా దగ్గరకి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"నన్ను స్కిప్ చేయమని నేనే అడిగాను. కూర్చోగానే చెప్పాను ఆయనకి. ఇంత స్పీడ్‌లో సోలో నాకింకా రాదు. ఊరికే కలిసి వాయిస్తే చాలన్నాను. సరే, నీకెప్పుడు రెడీ అనిపిస్తే అప్పుడు తల ఊపు అన్నాడు."

"నాకెలా తెలుస్తుంది?"

"అడగొచ్చుగా."

"నువ్వు అడుగుతావా ఏదైనా?"

అమ్మాయి లేచి నిలబడింది. "బోత్ ఆఫ్ యూ, స్టాప్! అమ్మా, నువ్వు నాన్న కోసం వెళ్లలేదు. ఆ ఆంటీ మీద మ్యాడ్‌గా ఉండి వెళ్లావ్." స్కిప్ చేశారని నాకు చెప్పింది తనేనని నేను గుర్తు చేశాను. తను ఏడుస్తూ స్టేజి వైపు వెళ్లిపోయింది. ఆయన తన వెనకే వెళ్లాడు. నేను టెంట్‌లో ఉక్కపోతలో ఒక్కదాన్నే కూర్చున్నాను.

ఆదివారం పొద్దున టెంట్ మడుస్తుంటే పక్క ట్రెయిలర్ ఆవిడ కాఫీ కప్పుతో వచ్చింది. నవ్వుతోంది. "నిన్న భలే అడిగావు. ఆ మగవాళ్ల మీద అలా అరవాలని నాకు ఎన్నేళ్లుగానో," అంది. కప్పు నా ముందుకి చాపింది. తీసుకుంటే అంతటితో సర్దుకుపోయేదేమో. "నేను కాఫీ తాగను," అన్నాను. రోజుకి మూడుసార్లు తాగుతాను నేను. ఆవిడ నవ్వు వాడిపోయింది. వెనక్కి తిరిగి వెళ్లిపోతుంటే నాకు తృప్తిగానే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పడం.

హైవే ఎక్కాక చాలాసేపటికి ఆయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "నీకు నా మీద కోపం ఉంటే నా మీదే చూపించు. నా తరఫున చూపించకు."

"లేన్ మారు, ట్రక్కు వస్తోంది," అన్నాను.

నెలరోజులు బేస్‌మెంట్‌లో చప్పుడు లేదు. నేను కోరుకున్న నిశ్శబ్దమే, కానీ అందులో వంట చేసుకోలేకపోయాను, టీవీ పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత ఒక సాయంత్రం మళ్లీ మొదలుపెట్టాడు, ఇంకా నెమ్మదిగా. మరుసటి వేసవి ఫెస్టివల్‌కి ఇద్దరికే బుక్ చేశాడు, తనకీ అమ్మాయికీ. ఈసారి మాత్రం నాకు ముందే చెప్పాడు. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో ఆ వారాంతం చుట్టూ ఎర్రగీత గీసి, "నువ్వు రానక్కర్లేదు," అన్నాడు. వస్తానని నేననలేదు. వాళ్లు బయల్దేరిన రోజు, కారు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. అమ్మాయి ముందు సీట్లో, నేను కూర్చునే చోట కూర్చుని, ఏదో చెబుతూ నవ్వుతోంది. ఆయన వింటున్నాడు.