పుట్ట ఉన్న మూల

నంద్యాలలో మేమున్న వీధిలో ఎవరింట పాము కనబడినా ముందు నాకే కబురొచ్చేది. కట్టెలు పట్టుకున్న మగవాళ్లు కూడా దూరంగా ఆగిపోయి, "టీచరమ్మను రానీండప్పా" అనేవాళ్లు. బడి నుంచి వచ్చి కాళ్లన్నా కడుక్కోక ముందే నేను పోయి చూసి, జెర్రిపోతు, వదిలేయండి అనో, కట్లపాము, పిల్లల్ని లోపలికి పిలుచుకోండి అనో చెప్పాలి. చెప్పింది వింటారా అంటే అదీ లేదు. వదిలేయమన్నదాన్ని కొట్టేస్తారు, జాగ్రత్త అన్నదాని దగ్గరికి పోయి తొంగిచూస్తారు. ఎనభైల్లో ఆ పిలుపు వినబడితే నాకు భయం పుట్టేది కాదు, నీరసం వచ్చేది.

ఈ పని నా నెత్తిన పడింది అంతకు ముందు, డెబ్బైల్లో, ఆళ్లగడ్డలో. మా ఆయన, నేను ఇద్దరం టీచర్లమే. ఊరి చివర చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఇంటికన్నా పెరడు పెద్దది. మల్లెపందిరి, మునగచెట్టు, నాలుగు అరటిబోదెలు, గోడవార కట్టెల కుప్ప. ఇన్ని ఉన్నచోట పాములు ఉండకుండా ఎట్లా ఉంటాయి? మల్లెతీగలో పసిరికపాము తీగలోనే కలిసిపోయి ఉండేది. పూలు కోసేటప్పుడు కొమ్మను ముందు కట్టెపుల్లతో కదిలించడం నాకు అలవాటైపోయింది. బావిగట్టు తడిలో నీరుకట్టె పాములు తిరిగేవి. వాటి పని వాటిది, నా పని నాది.

నాకు పాముల్ని గుర్తుపట్టడం నేర్పింది మా నాయన. కొలిమిగుండ్ల వైపు పల్లెల్లో సువార్త చెప్పడానికి బైబిలు సంచి తగిలించుకొని చేల గట్ల మీద నడిచీ నడిచీ, ఏ పాము ఏదో చూపుతోనే చెప్పేవాడు. "ముందు నిలబడు. తర్వాత చూడు. అరిచేది ఆఖర్న," అనేవాడు. జెర్రిపోతు మనిషి అలికిడికే పారిపోతుంది. నాగుపాము పడగెత్తి నిలబడి చూస్తుంది. కట్లపాము నల్లగా మెరుస్తూ, ఒంటి మీద సన్నని తెల్ల కట్లతో చీకట్లోనే తిరుగుతుంది. రక్తపింజరి మాత్రం పారిపోదు. లావుగా, ఒంటినిండా గొలుసు అల్లినట్టు మచ్చలతో, పడున్న చోటే పడుంటుంది. కాలు దగ్గరికొస్తే బుస కొడుతుంది. మన్ను తిన్న పామనుకొని తొక్కేది దాన్నే.

ఆ ఇంట్లో అన్నీ ఉన్నాయిగానీ లెట్రిన్ లేదు. ఆ వీధిలో ఎవరికీ లేదు. తెల్లారకముందే చెంబు పట్టుకొని వంకగట్టు కంపచెట్లలోకి ఆడవాళ్లమంతా గుంపుగా పోవాలి. ఆ తర్వాత బడిలో సాయంత్రం దాకా కడుపు బిగబట్టుకొని పాఠాలు చెప్పాలి. వానాకాలం బురద, ఎండాకాలం ముళ్లు, ఏ కాలంలోనైనా అటుగా పోయే మగవాళ్ల బీడీ నిప్పు. నా వయసంతా అక్కడే అరిగిపోతోందని ఏడుపొచ్చేది. బంగారం వద్దు, చీరలు వద్దు, గడియ పెట్టుకునే తలుపున్న ఒక చిన్న గది కట్టించమని మా ఆయన ప్రాణం తీసేదాన్ని.

ఆయన కాదనలేదు. కట్టడానికి చోటే చిక్కొచ్చింది. పెరట్లో ఒక మూల బావి, ఒక మూల వంటిల్లు, ఒక మూల వీధి గేటు. నాలుగో మూలలో పుట్ట. మేము స్థలం కొనకముందు నుంచీ ఉన్న పుట్ట అది. నాగుల చవితికి వీధిలో ఆడవాళ్లంతా మా గేటు తీసి లోపలికి వచ్చి దానికి పాలు పోసి, పుట్టమన్ను చెవులకు పెట్టుకొని పోయేవాళ్లు. క్రైస్తవుల పెరట్లో ఈ పూజలేందని మా చర్చి వాళ్లు మూతి విరిచేవాళ్లు. మా ఆయన అటూ నవ్వి, ఇటూ నవ్వి ఊరుకునేవాడు. మరునాడు చీమలు పట్టిన చలిమిడి ఎత్తిపోసుకునేది మాత్రం నేను.

ఆ పుట్టకు పెద్ద దిక్కు పక్కింటి పెద్దమ్మ. తాతల నాటి భూములున్న ఇల్లు వాళ్లది. ఆ చుట్టుపక్కల పార పట్టేవాళ్లంతా ఆమె చేలో పనిచేసేవాళ్లే. ఆమె తవ్వొద్దంటే తవ్వేవాడు లేడు.

"నాగమ్మ ఉండే తావు అది, టీచరమ్మా. ఆడ లెట్రిన్ కడ్తావా? నీకు పుణ్యముంటాది, ఆ మాట మళ్లా అనాకు," అనేది.

పుట్టలో ఉన్నది నాగమ్మ కాదని నాకు తెలుసు. జెర్రిపోతు. నేను అంట్లు తోముతుంటే ఎదురుగా గోడెక్కి, మునగచెట్టు మీదుగా పోయి, కట్టెల కుప్పలో ఎలుకను పట్టుకొని వచ్చేది. దాని పుణ్యాన మా వడ్ల బస్తాకు ఒక్క చిల్లు పడలేదు. ఒకరోజు పొద్దున అది గోడ మీద ఎండకు నిలువునా సాగి పడుకుంటే, ఇదే సమయమని పెద్దమ్మను చేయి పట్టుకొని తీసుకొచ్చాను.

"చూడు పెద్దమ్మా. పడగ ఉందా? ఆ కండ్లు చూడు ఎంత పెద్దవో. ఇది జెర్రిపోతు. పుట్టలోకి పొయ్యేదీ వచ్చేదీ ఇదే."

ఆమె కండ్లకు చేయి అడ్డం పెట్టుకొని తీరిగ్గా చూసింది.

"జెర్రిపోతే. నేను కాదంటినా? నాగమ్మకు మొగుడు గదా అది. మొగుడు ఈడుంటే పెండ్లాం యాడుంటాది? లోపల్నే ఉంటాది."

మా వైపు అందరూ నమ్మేదే అది. జెర్రిపోతు నాగుపాముకు మగదని పసిపిల్లలు కూడా చెబుతారు. దానికి పిల్లలు, వేరే సంసారం ఉన్నాయని చెబితే నన్నే వింతగా చూస్తారు. నా రుజువుతో నేనే నాగమ్మను పుట్టలో కాపురం పెట్టించినట్టయింది. నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. చెంబు తీసుకొని మరుసటిరోజు మళ్లీ వంకగట్టుకు పోయాను. అట్లా ఏండ్లు గడిచాయి.

ఒక చలికాలం, ఇంకా మసక వెలుతురుండగా, కంపచెట్ల దగ్గర నా ముందు నడుస్తున్న పెద్దమ్మ "అబ్బా!" అని కూలబడింది. "ఏందో ముట్టిందే," అంది. ఆడవాళ్లంతా కేకలు పెట్టి చెదిరిపోయారు. నేను నిలబడ్డాను. బ్యాటరీ లైటు వేసి చూశాను. లావుపాటి ఒళ్లు, గొలుసు మచ్చలు, కుక్కరు ఈల లాంటి బుస. మనుషులు అంత గోల చేస్తున్నా అది కదల్లేదు.

ఆమె కొడుకు జీపు తెచ్చాడు. మంత్రం వేసే ఆయన దగ్గరికని ఒకరు, పుట్ట దగ్గర పడుకోబెట్టి మొక్కుకోమని ఒకరు. పెద్దమ్మ కాలు అప్పటికే ఉబ్బిపోతోంది. ఆమె వాళ్లెవరినీ చూడలేదు, నన్ను చూసింది.

"టీచరమ్మా, నువ్వు చూసినావు గదా. ఏందది?"

"రక్తపింజరి, పెద్దమ్మా."

"నాగమ్మ కాదా?"

"కాదు. నిజంగా కాదు. నంద్యాల ఆసుపత్రికి పోవాల, బేగ పోవాల."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "టీచరమ్మ చెప్పె గదా. నంద్యాలకు పోనీరా."

ఎన్నేళ్లు చెప్పినా విననిది, ఆ ఒక్కసారి విన్నది. ఆసుపత్రిలో చాలా రోజులుంది. నేను సెలవుల్లో బస్సెక్కి పోయి చూసి వచ్చేదాన్ని. పిక్క కండ నల్లబడి పోయింది. ప్రాణం దక్కిందిగానీ కాలు మునుపటి కాలు కాదు. అందరం కలిసి పుట్టలో ఉన్న పాపం తెలియని పామును కాపాడుకుంటూ, కాటేసే పాము దగ్గరికి రోజూ చెంబులు పట్టుకొని పోయామని తలుచుకుంటే నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు.

ఇంటికొచ్చిన తర్వాత ఒకరోజు ఆమె కట్టె ఊతంతో మా గేటు దగ్గరికొచ్చి నిలబడింది. వెనకాల పారలతో ఇద్దరు మనుషులు.

"కంపల్లోకి ఇంగ పోలేను, టీచరమ్మా. యాడ తవ్వాల్నో చూపీ."

తవ్వేముందు పుట్టకు టెంకాయ కొట్టి, పసుపు చల్లి, "ఇంగో తావు చూసుకో తల్లీ, మొగున్ని గూడ పిల్చుకోని పో," అని చెప్పింది. తవ్వితే లోపల చల్లని మట్టి, ఒక పాత కుబుసం, అంతే. "చూసినావా? చెప్తే ఇద్దరూ ఇని పోయినారు," అంది. నేను తలూపాను.

కొలిమిగుండ్ల బండలు పరిచి, రేకు కప్పేసి గది కట్టారు. మొదటిరోజు లోపలికి పోయి గడియ పెట్టుకొని, పనేమీ లేకపోయినా కూర్చొని, ఏడ్చాను. అప్పటి నుంచి పెద్దమ్మ కూడా రోజూ వచ్చేది.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం, బడి ముగించుకొని వచ్చి, చెంబు పట్టుకొని తలుపు తీశాను. తడి బండల మీద, ఆ మూలనుంచి ఈ మూలదాకా, జెర్రిపోతు. చల్లదనానికి ఒళ్లు వదిలేసి పడుకొని ఉంది. ఎప్పుడూ పారిపోయేది, ఆరోజు తల మాత్రం ఎత్తి చూసింది. దాన్ని అదిలించే ఓపిక నాలో లేదు. తలుపు మెల్లగా దగ్గరికేసి వచ్చి, బట్టలుతికే బండ మీద కూర్చున్నాను.

గేటు చప్పుడైంది. కట్టె తాటించుకుంటూ పెద్దమ్మ.

"ఎవరుండారు లోపల?"

"మన జెర్రిపోతు."

ఆమె తలుపు వైపు చూసింది. "పాపం, ఇల్లు పోయె గదా దానికి," అంటూ మెల్లగా నా పక్కన కూర్చొని, ఆ కాలు చాపుకొని పిక్క రుద్దుకుంది. రుద్దుకుంటూనే అడిగింది, "మొగుడే గదా, టీచరమ్మా?"

"అవును పెద్దమ్మా," అన్నాను. "మొగుడే."

అది బయటికొచ్చేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.