కారు ఆరబెట్టే మావయ్య

కారు కడిగేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఆరబెట్టే సంబరం కోసమే కారు కడిగే మనిషిని మాత్రం కోడలు తన పెళ్ళయ్యాకే చూసింది. ఆయన ఆమెకు స్వయానా మావగారు. పైపు పట్టుకుని, సబ్బు రాసి, నీళ్ళు కొట్టడం ఆయనకు పావుగంట పని. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. కారు ఒంటిమీద ఒక్క నీటిచుక్క కూడా దానంతట అది ఎండిపోకూడదు. ఎండిందా, మచ్చ పడుతుంది. మచ్చ పడిందా, ఆ పూట ఆయనకు ముద్ద దిగదు.

వీధిలోవాళ్ళు ఆయనకు పొడిగుడ్డ అని పేరు పెట్టారు. ఎదుటపడితే "నమస్కారం సార్" అనడం, ఆయన మలుపు తిరగ్గానే "పొడిగుడ్డగారు వెళ్తున్నారు" అనుకోవడం. ఆ సంగతి ఆయన చెవిన పడకపోలేదు.

"తడిగుడ్డ అనలేదు. అదే పదివేలు" అనేవాడు.

రిటైరయ్యేదాకా ఆయన ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా పుస్తకాల్లో దీర్ఘాలూ ఒత్తులూ ఏరిన కళ్ళవి. రిటైరయ్యాక ఏరడానికి తప్పులు కరువై, కారు మీద నీటిచుక్కల్ని పట్టుకున్నాయి. బానెట్టు మీదికి వంగి, కళ్ళజోడు ముక్కు కొసకి దించి, "ఇదుగో, ఇక్కడో చుక్క ఎక్కువైంది" అని దాన్ని కొట్టేసేవాడు.

గుడ్డల్లో ఆయన పాటించే హెచ్చుతగ్గులు చూస్తే రాజుల కొలువు కూడా చిన్నబోతుంది. కప్పు తుడిచే గుడ్డ తలుపుని తాకకూడదు. తలుపు గుడ్డ చక్రాల మొహం చూడకూడదు. అద్దాల గుడ్డకైతే విడిగా ఒక కొక్కెం, దాని దరిదాపులకు ఇంకో గుడ్డ వెళ్ళడానికి లేదు. ఇన్ని గుడ్డలు ఎక్కణ్ణుంచి వస్తాయంటే, ఇంట్లోంచే. అత్తగారు స్నానాలగదిలోంచి చెయ్యి చాపితే కొక్కెం బోసిగా తగిలేది.

"ఏమండీ, నా టవలేదీ?"

"ఎడం తలుపు మీదుంది."

"మరి నేను దేంతో తుడుచుకోను?"

"తుడుచుకోకపోయినా నీకు మచ్చలు పడవు కదా."

లోపలినుంచి చెంబు నేలకి తగిలిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించేది.

కోడలు కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఆమె హెయిర్ డ్రయ్యరు మాయమైంది. ఇన్సూరెన్సు ఆఫీసుకి టైమవుతోంది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇల్లంతా గాలించి, చివరికి ఒక పొడుగాటి వైరు కిటికీలోంచి బయటికి పాకుతుంటే దాని వెంబడే వెళ్ళింది. వైరు కొసన డ్రయ్యరు, డ్రయ్యరు కొసన మావయ్య. ముందు లైటు సందులోకి వేడిగాలి కొడుతూ కొత్త కోడల్ని చూసి ఎంతో ఆప్యాయంగా నవ్వాడు.

"మంచి వస్తువమ్మా ఇది. మీ నాన్నగారి ఎన్నిక అమోఘం."

"అది నా జుట్టుకి మావయ్యా."

"జుట్టుదేముంది, ఎండలో నిలబడితే ఆరిపోతుంది" అని, ఆమెకు ఎండ తగిలే చోటు కూడా చూపించాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరి ఘట్టం ఒక ఎత్తు. గుడ్డలన్నీ అయ్యాక కారుకి గాలి తగలాలి. తలుపు సందుల్లో, అద్దాల వెనక దాక్కున్న నీళ్ళు గుడ్డకి చిక్కవట. కారు రోడ్డు మీద పరిగెత్తితే తప్ప అవి బయటికి రావట. అదీ ఖాళీగా పరిగెత్తకూడదు. లోపల ఓ పక్కన బరువుండాలి. బరువుంటే కారు కొంచెం ఒరుగుతుంది, ఒరిగితే నీళ్ళు జారిపోతాయి. ఇదీ మావయ్య సిద్ధాంతం.

ఆ బరువు కోసం ఆయన వీధిలో ఎవరు దొరికితే వాళ్ళని ఎక్కించేసేవాడు. ఒకసారి మూలింటి కొత్త దంపతుల్ని పెట్టెలతో సహా కుక్కి రైలుస్టేషను దాకా ఆరబెట్టుకొచ్చాడు. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్న డ్రిల్లు మాస్టారిని వారం రోజులు బడి గేటు దాకా ఆరబెట్టాడు. కోడలికి తల కొట్టేసినట్టుండేది.

"మీ నాన్నగారు ఇరుగుపొరుగుని ఇసకబస్తాల్లా వాడుకుంటున్నారండీ" అని మొగుడి దగ్గర మొత్తుకుంది.

"వాళ్ళేమీ అనుకోరులే" అన్నాడతను, ఫ్యాక్టరీకి బయల్దేరుతూ.

ఈమధ్య ఆ బరువు పని ఎక్కువగా ఎదురింటి పిన్నిగారి మీద పడింది. ఆవిణ్ణి అందరూ మిషను పిన్ని అంటారు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి ఒంటరిగా ఇల్లు నడుపుకునే మనిషి. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోదు. వానలో ఎవరైనా గొడుగిస్తే, మర్నాడు ఆ గొడుక్కి చిరుగు కుట్టి మరీ తిరిగిచ్చే రకం. ఎక్కడికైనా దింపుతామంటే "నాకు కాళ్ళున్నాయి" అనేది. అలాంటిది ఆ కాళ్ళలోనే ఒకదానికి మోకాలి ఆపరేషనయింది. కొన్ని నెలలుగా మిషను మూతేసి ఉంది. పాపం, నొప్పి కాలితో ఉన్నావిణ్ణి కూడా మావయ్య వదిలిపెట్టకుండా, రెండు రోజులకోసారి తడి కారెక్కించి తిప్పుతున్నాడే అని కోడలికి మహా కష్టంగా ఉండేది.

ఒక శనివారం కోడలికి సెలవు. పొద్దున్నే లేచి చూస్తే ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. హాల్లో మావయ్య ఎడమవైపు గోడతో మాట్లాడుతున్నాడు. ముందురోజు బంపరు కింద దూరి చుక్కని వెతుకుతుంటే మెడ పట్టేసిందట. మొహం ఎడమపక్కకి తిరిగి అక్కడే నిలిచిపోయింది. కుడివైపు ఉన్న మనిషిని చూడాలంటే ఒళ్ళంతా గిర్రున తిరగాల్సిందే.

ఆయన గిర్రున తిరిగాడు. "అమ్మాయ్, కారు కడగాలి."

"మొన్ననేగా కడిగారు. పైగా వానొచ్చేలా ఉంది మావయ్యా."

"అందుకే, వాన రాకముందే కడిగేద్దాం."

ఆమె పైపు అందుకుంది. సబ్బు రాసింది, నీళ్ళు కొట్టింది, కప్పు గుడ్డ తీసుకుని తుడవబోయింది. గోడ గడియారం వైపు మాటిమాటికీ ఒళ్ళు తిప్పుతున్న మావయ్య గబగబా వచ్చి గుడ్డ లాక్కున్నాడు.

"చాలు చాలు. మిగతాది గాలి చూసుకుంటుంది. నువ్వు బయల్దేరు."

కోడలు నిర్ఘాంతపోయింది. కారు నిండా చుక్కలు ముత్యాల్లా నిలబడి ఉన్నాయి. ఇదేమిటని అడగబోయేలోపు ఆయన ఆమె చేతిలో తాళం పెట్టాడు. లైసెన్సు వచ్చి ఏడాదైనా ఆ తాళం ఆమె చేతికి రావడం అదే మొదలు. చుక్కల సంగతి మర్చేపోయింది.

"నిజంగా నేనే నడపనా?"

"నడపాలి. మీ అత్తయ్య నన్ను నడపనివ్వదు. ఎదురింటి పిన్నిగారిని వెనక ఎడమపక్కన కూర్చోబెట్టు. పెద్ద రోడ్డు మీదుగా ఎముకల ఆసుపత్రి వైపు వెళ్ళు, అక్కడ గాలి బావుంటుంది. పదకొండు లోపల చేరుకోవాలి."

"గాలికి టైముందా మావయ్యా?"

"పదకొండు దాటితే పడిపోతుంది" అన్నాడాయన, గోడ వంక సూటిగా చూస్తూ.

పిన్నిగారు అప్పటికే ఉతికిన చీర కట్టుకుని, సంచీ పట్టుకుని తన గేటు దగ్గర నిలబడి ఉంది. కోడలు నొచ్చుకుంటూ తలుపు తీసింది.

"మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాం పిన్నిగారూ."

"ఏం చేస్తామమ్మా, నేను లేకపోతే మీ మావయ్యగారి కారు ఆరదటగా. ఇరుగుపొరుగన్నాక ఆమాత్రం సాయం చేసుకోవాలి" అంటూ ఆవిడ పెద్దరికంగా ఎక్కి కూర్చుంది.

కారు కదిలింది. కోడలికి ఆకాశంలో తేలుతున్నట్టే ఉంది. రెండు మలుపులు తిరిగి పెద్ద రోడ్డెక్కిందో లేదో, ఫెళఫెళమంటూ వాన మొదలైంది. చూస్తుండగానే ముందు బస్సు కూడా కనబడనంత వాన.

కోడలికి నవ్వొచ్చింది. "ఇంకేం ఆరుతుంది పిన్నిగారూ. ఇంటికి తిప్పేస్తాను."

అద్దంలో చూస్తే పిన్నిగారు ఒళ్ళో సంచీని రెండు చేతులతో గట్టిగా అదుముకుని ఉంది. సంచీలోంచి ఎక్స్‌రే కవరు మూల బయటికి కనిపిస్తోంది.

"అలాగే తిప్పుకో తల్లీ. నన్ను ఈ పక్కన దింపెయ్యి. మెల్లిగా నడిచి వెళ్తాను."

"ఈ వానలోనా? ఎక్కడికి?"

"ఆసుపత్రికి. ఆపరేషను చేసిన పెద్ద డాక్టరు ఇవాళ పదకొండు దాకే ఉంటాడు. మళ్ళీ పైనెల్లో గానీ రాడు. నేను మిషను తొక్కచ్చో లేదో ఇవాళ చెప్తానన్నాడు" అని, ఆవిడ తన గుట్టు బయటపడినట్టు గొంతు తగ్గించింది. "కారు ఎలాగూ అటే వెళ్తుంది కదా అని."

కోడలి కాలు బ్రేకు మీద పడింది. గాలికి టైమెందుకుందో, అది ఎముకల ఆసుపత్రి దగ్గరే ఎందుకు వీస్తుందో అంతా ఒక్కసారిగా అర్థమైంది. మోకాలు బాగాలేని మనిషి రెండు రోజులకోసారి ఎక్కడికి వెళ్తుంది, వ్యాయామం చేయించుకోవడానికి కాకపోతే. రైలుకి టైమైన పెట్టెలూ, బస్సులో కమ్మీ పట్టుకోలేని చెయ్యీ గుర్తొచ్చాయి. "నేను దింపుతాను రండి" అందామని నోరు తెరిచింది. అంతలోనే పిన్నిగారి చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళడం కనిపించింది. ఆ మాట అంటే ఈవిడ ఈ క్షణమే దిగిపోతుంది.

"దిగకండి పిన్నిగారూ" అంది హడావిడిగా. "కుళాయినీళ్ళు వేరు, వాననీళ్ళు వేరు. వాననీళ్ళకి బరువు ఇంకా ఎక్కువ కావాలి. మీరు దిగితే మావయ్య నన్ను ఇంట్లోకి రానివ్వరు."

పిన్నిగారు ఆమెను అద్దంలోంచి ఎగాదిగా చూసింది. పిడి మీద చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది.

"అట్లయితే సరే. నీకు మాట రాకూడదు."

ఆ తర్వాత కోడలు కారు నడిపిన తీరు మావయ్య చూసి ఉంటే పట్టేసిన మెడ అక్కడికక్కడే వదిలేసేది. లారీల పక్కనుంచి దూసుకుపోయింది, గుంటల్లో బురద ఎగజిమ్మింది, అడ్డంగా ఆగిన ఆటోని హారనుతోనే పక్కకి నెట్టింది. వెనక సీట్లోంచి పిన్నిగారు "ఎడమకి, ఎడమకి, ఇప్పుడు పోనీ" అంటూ ఉత్సాహంగా దారి చెబుతోంది. ఆసుపత్రి మెట్ల ముందు కారాగేసరికి పెద్ద డాక్టరు కోటు విప్పుతున్నాడు. ఇద్దరూ ఆయన గదిలోకి ఒకేసారి పడ్డారు.

డాక్టరు ఎక్స్‌రే చూశాడు, మోకాలు వంచాడు, చాపాడు, నడిపించాడు.

"రేపటినుంచి మిషను తొక్కచ్చమ్మా. మొదట్లో కొంచెం కొంచెంగా."

వరండాలో చెప్పులు వేసుకోవడానికి బెంచీ మీద కూర్చున్న పిన్నిగారి పాదం గాల్లోనే పైకీ కిందికీ ఆడడం మొదలుపెట్టింది. ఆవిడకి ఆ సంగతి తెలియదు. కోడలు చూసీ చూడనట్టు వాన వంక తిరిగింది.

వాళ్ళు వచ్చేసరికి మావయ్య గొడుగేసుకుని గేటు దగ్గరే ఉన్నాడు. కారు రంగు బురదలో కనబడ్డం లేదు. ఆయన దానివైపు కన్నెత్తి చూడలేదు.

"డాక్టరేమన్నాడు?" అని, నాలిక్కరుచుకుని, "అదే, గాలి ఎలా ఉంది?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది మావయ్యా. రేపటినుంచి తొక్కచ్చట."

మావయ్య మొహం విప్పారింది. ఆ సంతోషాన్ని ఎవరికి చూపించాలో తెలియక ఎడమపక్క గోడకి చూపించాడు.

వంటింట్లో కోడలు అత్తగారిని నిలదీసింది. "నాతో ముందే చెప్పచ్చుగా అత్తయ్యా? దింపుతాను రండి అని నేరుగా అంటే పోయేదానికి ఇంత నాటకం ఎందుకు?"

"నేరుగా అంటే ఆవిడ ఎక్కదు. డ్రిల్లు మాస్టారూ ఎక్కడు. మొహమాటం ఉన్నవాళ్ళకి మనమే ఏదో అక్కరలో ఉన్నట్టు కనబడాలట, మీ మావయ్య అంటారు" అంది అత్తగారు. "నా టవళ్ళకి మాత్రం ఏ సాకూ లేదు. అది ఒట్టి పిచ్చే."

సాయంత్రానికి వాన వెలిసింది. కాఫీ తాగుతూ అందరూ వరండాలో కూర్చుని ఉండగా మిషను పిన్ని గేటు తీసుకుని వచ్చింది. కోడలు కుర్చీ వెయ్యబోతే అక్కర్లేదంది. చీర చెంగు సర్దుకుంది, బురద కారు వంక ఓసారి చూసింది, మావయ్య మొహం ఎటు తిరిగి ఉందో కనుక్కుని సరిగ్గా అటు వెళ్ళి నిలబడింది.

"అన్నయ్యగారూ, ఎల్లుండి దారాలూ గుండీలూ తెచ్చుకోడానికి బజారుకి వెళ్ళాలి" అంది గంభీరంగా. "ఎల్లుండి మీ కారు తడుస్తుందా?"

మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, కాసేపు లోతుగా ఆలోచించాడు.

"తప్పేలా లేదమ్మా" అన్నాడు.