శింగనమలలో ఒంటి చెప్పు

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, మా విత్తన సంస్థ అనంతపురం గోదాముకు సరఫరా మేనేజరుగా బదిలీ అయ్యాను. వేరుశనగ విత్తనకాయలను రాప్తాడు, శింగనమల, యాడికి కేంద్రాలకు పంపడం నా పని. ఏ కేంద్రానికి ఎన్ని బస్తాలు కావాలో అక్కడి గుమాస్తా రాసి పంపే కాగితాన్ని ఇండెంటు అంటాం. లారీలు దాన్నిబట్టే కదులుతాయి. నాకైతే ఇండెంటు వేదవాక్కు.

ఆ వారం రాప్తాడు, శింగనమల ఇండెంట్లు రెట్టింపయ్యాయి. క్యూ రోడ్డెక్కిందని ఫోన్ల మీద ఫోన్లు. ఉన్న సరుకంతా ఆ రెండింటికే రాసేశాను. లారీలు బయలుదేరబోతుంటే యాడికిలో వాన పడింది. లక్ష్మీదేవమ్మ అనే రైతు నేరుగా నాకే ఫోన్ చేసింది. ఆవిడది అయిదెకరాల మెట్ట, బోరు లేదు.

"సార్, నేల మంచి పదును మీద ఉండాది. మూడు దినాలు పోతే ఆరిపోతాది. మాకు కాయలు పంపిస్తారా, లేదా?"

చూస్తానని ఫోన్ పెట్టేశాను. సిగ్గేసింది. గోదాములో కూర్చోలేక శింగనమల లారీ వెంట నేనే వెళ్లాను.

క్యూ నిజంగానే పొడవుగా ఉంది, మనుషులే లేరు. ఇక్కడి రైతులు వరుసలో చెప్పులు వదిలి నీడకు పోతారు. చెప్పు ఉంటే మనిషి ఉన్నట్టే. మా గుమాస్తా లెక్కపెట్టింది ఆ చెప్పులనే. వంగి చూస్తే చాలావరకు ఒంటి చెప్పులు. నీడలో కూర్చున్న నారాయణప్ప అనే పెద్దాయనను రెండోది ఏదని అడిగాను.

"రాప్తాడులో ఉండాది సార్. మీ లారీ ఏ ఊరికి ముందొస్తాదో మాకెట్లా తెలుస్తాది? అందుకే ఆడొకటి, ఈడొకటి పెట్టినాం."

నవ్వాపుకోలేకపోయాను. ఒక్క రైతు నా కాగితాల్లో ఇద్దరయ్యాడు. ఎవరికి ఎక్కడ కావాలో అక్కడే పేరు రాయించుకోమని, రెండు కేంద్రాల్లోనూ పాసుపుస్తకాలు చూసి పంచమన్నాను. శింగనమలకు సగం బస్తాలే సరిపోయాయి. మిగతా సగంతో అదే లారీని యాడికి పంపించాను. లక్ష్మీదేవమ్మ మర్నాడు కాయలు ఒలిపించి, పదును ఆరకముందే విత్తింది. నారాయణప్ప మాత్రం బస్తా ఇంట్లో దించి, రెండో చెప్పు కోసం రాప్తాడు పోయినాడట.

సరుకు ఎప్పుడొస్తుందో చెప్పకపోతే మనిషి రెండు చోట్ల అడుగుతాడు. తప్పు అడిగినవాడిది కాదు, చెప్పనివాడిది. అంటే నాది. మరుసటి ఏడాది ఏ లారీ ఏ రోజు వస్తుందో, ఎన్ని బస్తాలు తెస్తుందో ప్రతి కేంద్రం గోడమీదా ముందే రాయించాను. ఆ జూన్‌లో శింగనమల క్యూ చూడటానికి మళ్లీ వెళ్లాను. చెప్పులు జతలుగా ఉన్నాయి.