చినుకులనుకున్న చప్పుడు

కరోనా తగ్గాక రెండో ఏడాది. భీమవరం పక్కన ఒక రొయ్యల చెరువు గట్టు. రాజమండ్రిలో నలుగురు స్నేహితులం కలిసి పెట్టుకున్న చిన్న నిర్మాణ సంస్థ మాది. ఓటీటీ కోసం తీస్తున్న మా మొదటి సినిమాకి నేనే సౌండ్ రికార్డిస్టుని. సింక్ సౌండ్ పద్ధతి, అంటే నటులు అక్కడికక్కడ పలికిన మాటే తెరమీద వినిపిస్తుంది, తర్వాత డబ్బింగ్ ఉండదు. అందుకని లొకేషన్‌లో ఎవరు దగ్గినా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయి. నీళ్లను చిలికి రొయ్యకి ఆక్సిజన్ అందించే చక్రాలవి. ఆ రొదలో మా నటి మాట ఒక్కటీ దక్కదు. చెరువు యజమాని రాజుగారిని బతిమాలాను.

ఆయన ఆకాశం వైపు చూశారు. "పావుగంటైతే ఆపుతానండి. మూడ్రోజులనించీ మబ్బు, ఆక్సిజన్ అసలే తక్కువ. అంతకి మించితే నా పంట పోద్దండి. ఇంకో పది రోజుల్లో పట్టుబడి, రొయ్య పట్టి అమ్మాలండి."

"పావుగంట చాలండి, మాటిస్తున్నాను," అన్నాను.

చక్రాలు ఆగాయి. అబ్బ, ఏం నిశ్శబ్దం! తల్లి కొడుకుని నిలదీసే సీను. మొదటి టేక్‌లో లారీ హారన్. రెండోదాంట్లో నటి తడబడింది. మూడోది బాగుందని డైరెక్టర్ అన్నా, ఎక్కడో కాకి అరిచిందని నేనే ఒప్పుకోలేదు. గడియారం చూసుకుంటూనే "ఇంకొక్కటి" అంటున్నాను. పావుగంట ఎప్పుడో దాటిపోయింది.

నాలుగో టేక్ సగంలో హెడ్‌ఫోన్స్‌లో టప్‌టప్‌మని సన్నటి చప్పుడు. చినుకులనుకున్నాను. నా కళ్లు రికార్డర్‌లో శబ్దం స్థాయి చూపే మీటరు మీదే ఉన్నాయి, నీళ్ల వైపు తిరిగి కూడా చూడలేదు. అంతలో రాజుగారు చెయ్యెత్తి నా వైపు వస్తున్నారు. టేక్ పాడైపోతుందని పెదాల మీద వేలు పెట్టి ఉష్ అన్నాను. ఆ పెద్దమనిషి ఆగిపోయారు! నా మాట మన్నించి నోరు మూసుకుని నిలబడ్డారు. ఒక్క నిమిషం. ఇక ఉండబట్టలేక కెమెరా ముందునుంచే షెడ్డులోని స్విచ్చుల దగ్గరికి పరిగెత్తారు.

"రొయ్య తేలిపోయిందండీ!"

చెరువంతా రొయ్యలు. ఊపిరాడక పైకొచ్చి ఎగిరెగిరి పడుతున్నాయి. చక్రాలు తిరిగాయి గానీ అప్పటికే గట్టువారన తెల్లగా చచ్చి తేలుతున్నాయి. బతికున్నవాటిని సాయంత్రంలోగా పట్టేశారు. సగానికి సగం పంట పోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. దగ్గరికెళ్లి నిలబడితే ఆయనే అడిగారు.

"అంత మిషను చెవులకి పెట్టుకున్నారు కదండీ, వినపళ్లేదా?"

"వినపడిందండి. వాననుకున్నాను."

"ఆయ్. నాకు అవతలి గట్టునించే తెలిసిపోయిందండి. చెబుదామనే వచ్చాను." అంతే, ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆ టేక్ పెట్టుకుని విన్నాను. వాన చప్పుడు కానే కాదు. ఎక్కడో కాకి అరిస్తే పట్టేసిన చెవి నాది. కాళ్ల దగ్గర ఒక మనిషి పంట చచ్చిపోతుంటే పోల్చుకోలేకపోయింది.

అప్పటినుంచి ఏ లొకేషన్‌కి వెళ్లినా ముందు అక్కడి మనిషికి హెడ్‌ఫోన్స్ ఇచ్చి, "ఏం వినపడుతోందండి?" అని అడుగుతాను. టేక్ ఎంత బాగా వస్తున్నా సరే, ఎవరైనా చెయ్యెత్తితే డైరెక్టర్ కన్నా ముందు కట్ చెప్పేది నేనే.