రియాద్ నుంచి నాలుగున్నర గంటలు

వికారాబాద్‌లో తాండూరు బస్సెక్కి కూర్చోగానే పక్క సీటాయన నా చేతిలోని ఫోన్ వంక చూశాడు.

"సారూ, రియాద్ నుంచి హైదరాబాద్‌కు విమానం ఎంతసేపట్ల వస్తదో జర చూడు. ఆడ మా తమ్ముడు సచ్చిపోయిండు. గిప్పుడే పెట్టెల పంపుతున్నరంట."

చూశాను. "మూడువేల కిలోమీటర్లకు పైనే ఉంది. నాలుగున్నర గంటలు."

"ఆడికెళ్లి మా ఊరికి ఇంకో నాలుగు," అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. గోళ్ల నిండా బండల పొడి. "మా దిక్కు జానెడు మట్టి కింద అంత బండనే. బొంద తవ్వనీకి ఏడెనిమిది గంటలు పడతది. ముందుగాల తవ్విపెడ్తమా, ఉత్తగున్న బొంద ఇంకొకరిని అడుగుతదంటరు."

వెంటనే ఊరికి ఫోన్ చేశాడు. "ఇగ మొదలుపెట్టుర్రి."

ధారూరు దాటాక ఆయన ఫోన్ మోగింది. విని, నా వైపు తిరిగాడు.

"ఏదో కాయితం తక్కువున్నదంట. విమానం లేసింది గని పెట్టె ఎక్కియ్యలేదంట."

ఊరికి మళ్లీ ఫోన్ చేసి ఆపమన్నాడు. "మట్టి తీసి బండ దాక తవ్విన్రంట సారూ. ఇప్పుడేం జేయాలె?"

తర్వాతి విమానం రేపు ఇదే వేళకు ఉందని చూపించాను. అదీ నాలుగున్నర గంటలే.

"గది కాదు. గా కాయితం ఎన్ని గంటలకొస్తదో చూడు."

తాండూరు వచ్చేదాకా ఫోన్లో వేలు ఆడిస్తూ కూర్చున్నాను, వెతుకుతున్నట్టు.

ఇప్పటికీ ఎవరైనా ఫలానా చోటి నుంచి విమానం ఎన్ని గంటలని అడిగితే, ఎక్కించారా అన్న మాట నా నోటిదాకా వస్తుంది.