లామినేషన్ చేయించిన పాస్‌పోర్టు

వెంకటనర్సుకు కోపం తెప్పించాలంటే పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఏదైనా కాగితం చేతికిచ్చి "లామినేషన్ చేయించుకో అన్నా, పదిలంగ ఉంటది" అంటే చాలు. కొత్తకోటలో జిరాక్స్ షాపాయన ఒకసారి పాపం ఆ మాటే అన్నాడు. వెంకటనర్సు ఆధార్ కార్డు లాక్కుని, రావలసిన చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాడు. తెలియనివాళ్లు పిచ్చివాడనుకున్నారు. తెలిసినవాళ్లు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నారు. పదేళ్లయినా ఊళ్లో ఆ నవ్వు ఆగలేదు. అందులో నవ్వడానికేముందో ఆ నవ్వేవాళ్లే చెప్పాలి.

కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు దిగి లోపలికి ఆరు కిలోమీటర్లు పోతే ఆయన ఊరు. పాలమూరు మనిషంటే తట్టా పారా పట్టుకుని బొంబాయికో పూనాకో పోయేవాడని లోకానికి ఒక నమ్మకం. వాళ్ల నాయిన అట్లాగే పోయి, నడుము పోగొట్టుకుని తిరిగొచ్చాడు. మంచంలో పడి మూలుగుతున్న నాయినను చూసి, జన్మలో పార ముట్టనని వెంకటనర్సు చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. రోడ్డు పని దగ్గర పొక్లెయిన్ మీద క్లీనర్‌గా చేరాడు. ఆపరేటర్ అన్నానికి పోయినప్పుడల్లా సీట్లో కూర్చుని లివర్లు కదిపి కదిపి పని నేర్చుకున్నాడు. 2008లో సౌదీ పోయాడు. దమ్మాం దగ్గర పైపులైను పని. వందమంది తవ్వే మట్టిని తానొక్కడే ఏసీ కేబిన్‌లో కూర్చుని ఎత్తిపోస్తున్నానని ఫోన్లో భార్య నిరోషకు చెప్పేటప్పుడు ఆయనకు మాటలు చాలేవి కావు. ఆ సీటు ఆయన సొంతంగా సంపాదించుకున్న మర్యాద. దాన్ని పోగొట్టుకున్న కథ ఇది.

తెలంగాణ వచ్చిన రెండున్నర నెలలకు, 2014 ఆగస్టు పందొమ్మిదిన, రాష్ట్రమంతటా ఒకేరోజు కుటుంబ సర్వే పెట్టారు. ఆ రోజు ఇంట్లో కనబడని మనిషి పేరు ఎగిరిపోతుందని ఊరూరా పుకారు లేచింది. రేషన్ కార్డు పోతుందట, పింఛను పోతుందట, రేపు కొత్త రాష్ట్రంలో ఏమిచ్చినా వాళ్లకు రాదట. ఈ "అట"లను ఎవరు పుట్టించారో తెలియదు గానీ, బొంబాయిలో, పూనాలో ఉన్న పాలమూరోళ్లంతా పిల్లాజెల్లాతో బస్సులకు వేలాడుతూ ఇంటిదారి పట్టారు. నిరోష దమ్మాంకు ఫోన్ చేసింది.

"ఇన్నవా? పందొమ్మిది తారీఖుకు అందరు ఇంట్లనే ఉండాల్నంట. లేకుంటే పేరు కొట్టేస్తరంట. నువ్వు గూడ రా."

"సౌదీ ఏమన్న బొంబాయానే, బస్సెక్కి వచ్చెటందుకు?"

"మరి రేపు నీ భర్త ఈ ఊరోడే కాదంటే నేనేం జెప్పాలె?"

ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఆరేళ్ల నుంచి సంపాదనంతా ఆ ఊరికే పంపుతున్నవాణ్ణి, ఆ ఊరోణ్ణే కాదంటారా? గదిలో తనతో ఉండే చిట్యాల ప్రవీణ్ ఎంతో చెప్పి చూశాడు. "అన్నా, ఊకె పరేషాన్ కాకు. ఇంట్లోళ్లు చెప్తె రాసుకోరా? ఛుట్టీ టైం గూడ కాదు. కఫీల్‌కు కోపమొస్తే మల్ల రానియ్యడు." వెంకటనర్సు వినలేదు. కఫీల్ అంటే అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని. ఆయన సంతకం లేకుండా దేశం దాటడానికి లేదు. బతిమాలగా బతిమాలగా అరవై రోజుల సెలవు దొరికింది. అక్టోబరు పదిహేనులోపు తిరిగి అడుగుపెట్టాలి. ఒక్కరోజు దాటినా మూడేళ్లదాకా సౌదీ గడప తొక్కనివ్వరు. ఆ సంగతి క్యాంపులో వంటవాడితో సహా అందరికీ తెలుసు.

ఆగస్టు పదిహేడున ఇల్లు చేరాడు. మర్నాడు పొద్దున ఆయన ఇంకా నిద్ర లేవకముందే, నిరోష ఇంట్లో ఉన్న కాగితాలన్నీ సంచిలో వేసుకుని కొత్తకోటకు పోయింది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, పట్టాదారు పాస్‌బుక్కు, బిడ్డ హారిక పుట్టిన సర్టిఫికెట్, అన్నీ జిరాక్స్ తీయించాలి. షాపు ముందు జాతర. సర్కారు కాగితం ఏదైనా సరే చేతికి రాగానే లామినేషన్ చేయించడం ఆ చుట్టుపక్కల ఊళ్లలో అలవాటు. కప్పు కారే ఇళ్లలో, ఎలుకలు తిరిగే ట్రంకుపెట్టెల్లో కాగితం బతకాలంటే ప్లాస్టిక్ తొడుగు తప్పదు. నిరోష అన్నింటికీ చేయించింది. భర్త పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అంచు కొద్దిగా లేచి ఉంటే, అయ్యో పాపం ఇదీ చిరిగిపోతుందేమోనని దానికీ చేయించింది. షాపాయన ప్లాస్టిక్ పొర అంటించి, మిషన్‌లో నొక్కి, అంచులు నున్నగా కత్తిరించి ఇచ్చాడు.

వెంకటనర్సు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అద్దం లెక్క మెరుస్తాంది గదనే! మంచి పని జేసినవ్" అన్నాడు. ఈ మాట ఆయన అన్నదే. తర్వాత ఎన్నిసార్లు మరిచిపోవాలని చూసినా, నిరోష మరిచిపోనివ్వలేదు.

సర్వే రోజు బస్సుల్లేవు, దుకాణాల్లేవు. ఊరంతా స్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ఇళ్ల ముందు కూర్చుంది. సాయంత్రం నాలుగింటికి సర్వే కాగితాలతో వచ్చిన బడి పంతులు, వెంకటనర్సు పేరు రాసుకుంటూ తలెత్తి చూశాడు.

"సౌదీ నుంచి దీనికోసమే వచ్చిన్రా? ఇంట్లోళ్లు మీ కాయితం సూపిచ్చి చెప్తె సరిపోవు గదయ్యా!"

నిరోష తల వంచుకుంది. వెంకటనర్సు మాత్రం నవ్వేశాడు. బిడ్డను చూసినట్టయింది, ఒక నెల ఉండి పోతే పోయేదేముంది అనుకున్నాడు. ఆ నవ్వు సెప్టెంబరు ఇరవై ఆరు దాకా నడిచింది. ఆ రోజు విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు తెరిచి, ఫోటో పేజీని వేలితో గీరి చూశాడు.

"ఏంటిది?"

"లామినేషన్ సార్. ఖరాబ్ కాకుండ."

"నీ పాస్‌పోర్టు నువ్వే ఖరాబు చేసుకున్నావు. ఫోటో మార్చావా లేదా అన్నది నేనెట్లా తేల్చుకోను? ఇది చెల్లదు. కొత్తది తెచ్చుకో."

సామాను బయటికొచ్చింది. మనిషీ బయటికొచ్చాడు. చేతిలో ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ఆ పంతొమ్మిది రోజుల్లో ఆయన తిరిగిన తిరుగుడుకు లెక్కలేదు. పట్నంలో దరఖాస్తు. పాడైన పాస్‌పోర్టు కాబట్టి ఎందుకు పాడైందో ప్రమాణపత్రం. దానికి నోటరీ. నోటరీ ఒక మాట తక్కువ రాశాడని మళ్లీ ఇంకొకటి. చివరికి, పోలీసువాళ్లు ఇంటికొచ్చి విచారణ చేస్తే అయిపోతుందన్నారు. ఆ విచారణ కోసం వెంకటనర్సు నాలుగు రోజులు గడప దాటకుండా కూర్చున్నాడు. ఐదోరోజు ఏదో సంతకం తక్కువైందని పిలిస్తే మహబూబ్‌నగర్ పోయాడు. సరిగ్గా ఆ పూటే కానిస్టేబుల్ వచ్చాడు. నిరోష చేనుకు పోయింది. అరుగు మీద చిన్నాయన జంగయ్య బీడీ కాల్చుకుంటున్నాడు.

"వెంకటనర్సు ఈ ఇంట్లనే ఉంటడా?" అనడిగాడు కానిస్టేబుల్.

ఇంతకాలం ఊళ్లో ఎవరడిగినా ఎట్లా గొప్పగా చెప్పుకున్నాడో, జంగయ్య అట్లాగే చెప్పాడు. "మావోడు ఈడెందుకుంటడు సార్? సౌదీల ఉంటడు. ఏసీల గూసొని మిషిని నడుపుతడు. రెండేండ్లకోపారి వస్తడు, నాకు సెంటు దెస్తడు."

ఏడాదిగా ఈ చిరునామాలో ఉంటున్నాడా అన్న ప్రశ్నకు ఎదురుగా కానిస్టేబుల్ "ఉండటం లేదు" అని రాసుకుపోయాడు. ఆయన్ను మాత్రం ఏమనగలం? విన్నదే రాశాడు. జంగయ్యను మాత్రం ఏమనగలం? ఉన్నదే చెప్పాడు. ఊరంతా సత్యమే పలికింది, వెంకటనర్సు కొంప మునిగింది.

ఆయన స్టేషన్‌కు పరుగెత్తాడు. రిపోర్టు పైకి పోయిందన్నారు. పాస్‌పోర్టు ఆఫీసుకు పరుగెత్తాడు. మీరు ఆ ఇంట్లో ఉండరని రాసుంది, ఉంటున్నట్టు రుజువు తెమ్మన్నారు. అప్పుడాయనకు సర్వే గుర్తొచ్చింది. ఇంటి తలుపు మీద సర్వేవాళ్లు అంటించిన స్టిక్కర్‌ను సెల్‌ఫోన్లో ఫోటో తీసి పెట్టుకున్నాడు. దాన్ని కిటికీ అవతలి మేడంకు చూపించాడు.

"గిదొ సూడున్రి మేడం. నన్ను లెక్కవెట్టిన్రు. నేను ఆ ఇంట్ల ఉన్నట్టు సర్కారే రాసుకున్నది."

"అది సర్వే అండీ. ఇది పాస్‌పోర్టు. ఇది అడ్రస్ ప్రూఫ్ కింద రాదు."

వెంకటనర్సుకు తల తిరిగిపోయింది. "గా లెక్కల ఉన్ననంటిరి. గీ లెక్కల లేనంటున్నరు. సౌదోడేమో తారీఖు దాటితే రావొద్దంటడు. నేనేడుండాల్నో మీరే ఒక్కటి ఖాయం జేయున్రి మేడం, ఆడనే ఉంట!" అని అరిచాడు. వెనక లైన్లో నిలబడ్డవాళ్లు నవ్వారు. మేడం నవ్వలేదు, పాపం. మళ్లీ విచారణకు రాయమని ఒక కాగితం ఇచ్చింది.

రెండోసారి విచారణ సవ్యంగానే జరిగింది. ఆ పూట జంగయ్యను ఇంట్లోంచి బయటికి రానివ్వలేదు. కొత్త పాస్‌పోర్టు అక్టోబరు ఇరవై తొమ్మిదిన పోస్టులో వచ్చింది, కొత్త నోటులా పెళపెళలాడుతూ. సౌదీ గడువు దాటి అప్పటికి రెండు వారాలు. గడువు పెంచమని కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ప్రవీణ్ స్వయంగా ఆఫీసుకు పోయి అడిగి, సాయంత్రం ఫోన్ చేశాడు.

"అన్నా, నీ పేరు మీద, ఛుట్టీకి పోయినోడు మల్ల రాలేదని రాసేసిన్రు. నీ బండి ఇంకొగనికిచ్చిన్రు."

ఆ రాత్రి వెంకటనర్సు భార్యను అనరాని మాటలన్నాడు. "నీ లామినేషన్ పాడుగాను! నా బతుకుకే ప్లాస్టిక్ తొడిగినవ్ గదనే!" నిరోష "అద్దం లెక్క ఉన్నదని మెచ్చుకుంటివి గద" అంది. ఆయన అన్నం ముందు నుంచి లేచి పోయాడు. ఆమె మీద కోపం న్యాయం కాదని ఆయనకు తెలుసు. న్యాయమైన కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియకనే ఆమె మీద తెచ్చుకున్నాడు.

ఇది చాలదన్నట్టు బ్యాంకొకటి. సౌదీ నుంచి పంపి దాచుకున్న డబ్బు మీద వచ్చే వడ్డీలో మూడో వంతు దాకా పన్ను కింద కోశారు. అదేమని పోతే, మీరు విదేశంలో ఉంటారు కదా, మీ ఖాతాకు అంతే కోస్తాం అన్నారు. "నేను ఈడనే ఉన్న గద సార్, మీ ముంగటనే నిలవడ్డ" అంటే, తిరిగొచ్చేసినట్టు రాసిచ్చి ఖాతా మార్చుకోవాలనీ, కోసింది కావాలంటే రిటర్ను వేయాలనీ అన్నారు. ఖాతా మార్చే ఫారం మీద సంతకం పెట్టడానికి ఆయనకు రెండేళ్లు చెయ్యి రాలేదు. పెడితే, ఇక సౌదీ పోనని తన చేత్తో తానే రాసిచ్చినట్టని ఆయన బాధ. ఆ రెండేళ్లూ పన్ను కోస్తూనే ఉన్నారు. రిటర్ను మాట ఆయన ఎత్తలేదు.

మూడేళ్లు నిండాక మళ్లీ ప్రయత్నించాడు. ఆ కంపెనీ పనులు తగ్గించుకుంది, ఇంకో కంపెనీ పడుచువాళ్లను అడిగింది. ఇక్కడ కాలువ పని ఉన్నన్నాళ్లు కిరాయి పొక్లెయిన్ నడిపాడు. అదీ అయిపోయాక, 2018 వేసవిలో, ఏ పారను ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడో ఆ పార భుజానేసుకుని బొంబాయి బస్సెక్కాడు. బస్టాండులో ఎవరైనా చూస్తారేమోనని చివరి సీట్లో తువ్వాల కప్పుకుని కూర్చున్నాడు. ఆ సంగతి ఆయనే ఒకసారి ప్రవీణ్‌కు చెప్పుకుని ఏడ్చాడు. కరోనాలో నడిచీ, లారీలెక్కీ ఇల్లు చేరాడు. అప్పటినుంచి ఊళ్లోనే, దొరికిన రోజు మిషను, దొరకని రోజు చేను.

నిరుడు కాదు ముందటేడు, 2024 నవంబరులో, మళ్లీ ఇంటింటి సర్వే అన్నారు. మళ్లీ తలుపు మీద స్టిక్కర్ అంటించారు. ఆ సంగతి తెలిసి ప్రవీణ్ దమ్మాం నుంచి ఫోన్ చేశాడు.

"అన్నా, మా అమ్మ రమ్మని ఒకటే లొల్లి. రావాల్నా?"

"రాకు!" వెంకటనర్సు వేసిన కేకకు పక్కింటివాళ్లు బయటికొచ్చారు. "చచ్చినా రాకు. నీ పాస్‌పోర్టు బుక్కును ఎవ్వరినీ ముట్టనియ్యకు. మీ అమ్మకు నేను చెప్త."

మూడురోజులకు దీప్తి అనే అమ్మాయి సర్వే కాగితాలతో వచ్చింది. పక్క మండలంలో పంతులమ్మ. అరుగు మీద కూర్చుని ఒక్కో ప్రశ్నే ఓపికగా అడుగుతూ, జవాబుకో అంకె చొప్పున గడుల్లో వేసుకుంటూ పోయింది. నిరోష మంచినీళ్లు తెచ్చి పెట్టి, తలుపు పక్కన నిలబడింది. ఆ అమ్మాయి ఒకచోట ఆగింది.

"ఇంట్ల ఎవరన్న బయటి దేశం పోయిన్రా?"

"నేనే పోయిన బిడ్డా. సౌదీ. ఆరేండ్లు."

"మంచి పనేనా?"

"రాజా లెక్క ఉంటుంటి."

"మరెందుకు వచ్చేసిన్రు అన్నా?"

అది కాగితంలో ఉన్న ప్రశ్నో, ఆ అమ్మాయి ఊరికే అడిగిందో వెంకటనర్సు అడగలేదు. తలుపు పక్క నిలబడ్డ నిరోషను చూశాడు. ఆమె నేలచూపులు చూస్తోంది. పదేళ్లుగా నాలుక చివర ఉన్న లామినేషన్ మాట ఆయన ఆ పూట మింగేశాడు. ఆ అమ్మాయి ఒళ్లో ఉన్న కాగితాల వైపు వేలు చూపించాడు.

"నువ్వు రాసుకుంటున్నవ్ సూడు బిడ్డా, గిందుకే వచ్చిన."

దీప్తికి అర్థం కాలేదు. దానికి ఏ అంకె వేయాలో వెతికి, దొరకక, ఆ గడిని ఖాళీగా వదిలి తర్వాతి ప్రశ్నకు పోయింది.